గేటు దగ్గర పది ట్రక్కులుంటే ఎల్క్ ఎక్కడుంటుంది?

బ్రదర్, మీ గోడు అర్థమైంది. పోయిన సెప్టెంబర్‌లో విల్లు పట్టుకుని ఎల్క్ కోసం, అంటే ఇక్కడి పెద్ద దుప్పి కోసం, 6 రోజులు తిరిగారు. మూడు రోజులు కెపిటల్ స్టేట్ ఫారెస్ట్‌లో, మూడు రోజులు కలప కంపెనీ భూమిలో నడక పర్మిట్ మీద. ఎక్కడ చూసినా పికప్ ట్రక్కులే. విన్నది రెండే బ్యూగుల్స్ (మగ ఎల్క్ కూతలు), అందులో ఒకటి పొద చాటున కూర్చున్న ఇంకో వేటగాడిదని తర్వాత తేలింది. ఈసారి ఐదారు మైళ్ళు లోపలికి నడవాలా, ఇంకా మంచి బ్యూగుల్ ట్యూబ్, అదే ఆ కూతను అనుకరించే గొట్టం, కొనాలా అని అడుగుతున్నారు. ట్యూబ్ కొనొద్దు. ఐదారు మైళ్ళ సంగతి తర్వాత చెప్తాను.

నేను వాషింగ్టన్ రాష్ట్రంలో ఒలింపియా వైపు ఉంటాను. పడమటి వాషింగ్టన్‌లో విల్లుతో 11 సీజన్లు తిరిగితే నాలుగు ఎల్క్ ఇంటికొచ్చాయి. మొదటి నాలుగేళ్ళూ సున్నా. కాబట్టి కింద రాసినదంతా ఎక్కువగా ఖాళీ చేతులతో వచ్చిన రోజుల్లో నేర్చుకున్నదే.

ముందు ఒకటి. మీరు చూసే యూట్యూబ్ వీడియోలు దాదాపు అన్నీ కొలరాడో, మోంటానా, ఐడహోలలో తీసినవి. అక్కడుండేది రాకీ మౌంటెన్ ఎల్క్. పక్క కొండ మీద ఉన్నదాన్ని బైనాక్యులర్స్‌లో చూసి వెళ్ళొచ్చు. మన దగ్గర, కాస్కేడ్ కొండలకు పడమర, ఉండేది రూజ్‌వెల్ట్ ఎల్క్. శరీరం పెద్దది, కూతలు తక్కువ. పైగా సలాల్, వైన్ మేపుల్, సోర్డ్ ఫెర్న్ లాంటి పొదలు కలిసి పెరిగిన చోట 30 గజాల అవతల ఏముందో కనపడదు. ఆ వీడియోల్లోలాగా కొండ గట్టు మీద నిలబడి గట్టిగా బ్యూగుల్ చేసి జవాబు కోసం చూస్తే, జవాబిచ్చేది మీలాగే ఆ వీడియో చూసొచ్చిన మనిషే.

జనం తిరిగే అడవిలో ఎల్క్ ఎక్కడుంటుందో తెలియాలంటే, ముందు జనం ఏం చేస్తారో తెలియాలి. ఎల్క్ ఏడాది పొడుగునా ఆ లెక్కల్లోనే ఉంటుంది. ఏ రోడ్డు మీద ఇంజన్ ఆగుతుంది, ఎటునుంచి తలుపు చప్పుడు వస్తుంది, ఎన్ని గంటలకు అంతా సద్దుమణుగుతుంది అన్నీ దానికి అలవాటే. మనం సీజన్‌లో దిగి రెండు రోజులు చూసి వెళ్ళిపోతాం.

నాకు ఇది తెలిసింది కూడా తెలివితో కాదు. నాలుగో ఏడు రెండో రోజే చీలమండ బెణికింది. నడవలేను, సెలవు పెట్టాను కాబట్టి ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు. మోటారు పర్మిట్ ఉన్న చోటు అది. దుంగలు ట్రక్కులకు ఎక్కించడానికి చదును చేస్తారే, లాండింగ్ అంటారు, అలాంటి ఒకదాని అంచున మొద్దుకు ఆనుకుని కూర్చున్నాను. కింద లోయ, ఎదురుగా క్లియర్‌కట్ (చెట్లన్నీ నరికేసిన చోటు), దాని పక్కనే తలకు మించి ఎదిగిన కుర్ర డగ్లస్ ఫర్ తోట. పొద్దున 6:20 నుంచి 9 లోపల ఏడు ట్రక్కులొచ్చాయి. ఏడూ ఒకే చోట ఆగాయి, క్లియర్‌కట్ మొదటిసారి కనిపించే మలుపులో. ఇంజన్ ఆఫ్, తలుపు చప్పుడు, రెండు బ్యూగుల్స్, అయిదు నిమిషాలు బైనాక్యులర్స్, మళ్ళీ తలుపు, వెళ్ళిపోవడం.

మూడో ట్రక్కు తలుపు వేసినప్పుడు కుర్ర తోటలో ఒక చెవి కదిలింది. తర్వాత తల. తర్వాత ఒకదాని వెనక ఒకటిగా ఆడ ఎల్క్‌లు, దూడలు, మొత్తం పద్నాలుగు లెక్కపెట్టాను. పరిగెత్తలేదు. బజారు నుంచి ఇంటికి పోతున్నట్టు వాగు వెంబడి ఆల్డర్ చెట్ల సందులోంచి దిగి, వాగు రోడ్డు కింద తూములోంచి పోయే మలుపు దగ్గర రోడ్డు దాటి అవతలి గుంటలోకి వెళ్ళాయి. ఆ మలుపులో చూడ్డానికి ఏమీ లేదు. రెండు పక్కలా ఆల్డర్ గోడ. అందుకే అక్కడ ఎవరూ ఆగరు. మిగతా నాలుగు ట్రక్కులూ దాని పక్కనుంచే పోయాయి. ఆ గుంట రోడ్డుకు 80 గజాలుంటుంది. మరుసటి ఏడు నా మొదటి ఎల్క్, ఒక ఆడది, అక్కడే దొరికింది. ఆ యూనిట్‌లో, అంటే వేట కోసం గీసిన ఆ ప్రాంతంలో, విల్లువాళ్ళకు ఆడదాన్ని కొట్టే అనుమతి ఉంది. మీరు వెళ్ళే యూనిట్‌లో ఉందో లేదో ఆ ఏటి రూల్స్ పుస్తకంలో చూసుకోండి. మగదైతే పడమటి వైపు చాలా యూనిట్లలో ఒక కొమ్ముకు కనీసం 3 పాయింట్లు, అంటే మొనలు, ఉండాలి.

అందుకని ఈసారి మీరు ఎల్క్ కోసం బయల్దేరే ముందు ఒక పూట మనుషుల కోసం కూర్చోండి. మ్యాప్ మీద ట్రక్కులు ఆగే చోట్లకు గుర్తులు పెట్టండి. బైకులు ఏ రోడ్డెక్కుతున్నాయి, ఏ గేటు దగ్గర ఎన్ని బళ్ళున్నాయి అన్నీ. ఆ గుర్తులకు మధ్య ఖాళీలు కనిపిస్తాయి. రోడ్డు కిందనే నిటారుగా దిగిపోయే చిన్న వాలు, పక్కకు చీలిన రెండు చిన్న రోడ్ల మధ్య ఇరుక్కున్న పాతిక ఎకరాల గుబురు, గేటుకు ఇవతల జనం పార్కింగ్ చేసి ముందుకు పోయే చోటి వెనకభాగం. ఆగకుండా పోయే బండిని ఎల్క్ పట్టించుకోదు. ఆగిన బండే దానికి భయం.

ఇక కలప కంపెనీ భూమి. దీన్ని అడవి అనుకోవద్దు, పొలం అనుకోండి. పంట డగ్లస్ ఫర్, కోత నలభై చిల్లర ఏళ్ళకు. నరికాక మొదటి ఏడాది, రెండేళ్ళు కలుపు మందు కొడతారు కాబట్టి మేత పలచగా ఉంటుంది. ఆ తర్వాత గడ్డి, పొదలు, ఫైర్‌వీడ్ విరగబూస్తాయి. మొక్క మోకాలి ఎత్తు నుంచి భుజం ఎత్తుకు వచ్చేదాకా ఎల్క్‌కు అదే పెళ్ళి భోజనం. మొక్కలు పెరిగి కొమ్మలు కలిసి నీడ కమ్మితే, ఇంచుమించు 12, 15 ఏళ్ళకు, కింద మేత చచ్చిపోతుంది. అప్పుడది పడకగది. దీన్నే ఇక్కడివాళ్ళు రీప్రాడ్ అంటారు. రాత్రి మేత ఒకచోట, పగలు పడక ఇంకోచోట, మధ్యలో ఒక దారి. జనమంతా మేత దగ్గర కాపు కాస్తారు, ఎందుకంటే అక్కడ కనపడుతుంది. కానీ తెల్లారి చూపు ఆనే వేళకు ఎల్క్ ఆ దారి సగం దాటేసి ఉంటుంది. మీరుండాల్సింది దారి మీద, పడకకు దగ్గరగా. మ్యాప్ యాప్‌లో పాత, కొత్త శాటిలైట్ ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తే ఏ ముక్క ఏ ఏడు నరికారో తెలిసిపోతుంది. జూన్ నుంచి నాకు రాత్రిళ్ళు ఇదే పని. మా ఆవిడ దీన్ని రియల్ ఎస్టేట్ అంటుంది.

పర్మిట్ విషయంలో ఒక దెబ్బ తిన్నాను, చెప్తాను. వేర్‌హౌజర్, రేయోనియర్ లాంటి కంపెనీలు ఇప్పుడు చాలా చోట్ల డబ్బు తీసుకుని మోటారు పర్మిట్, నడక పర్మిట్ అమ్ముతున్నాయి. బాగున్న ప్రాంతాలవి ఆన్‌లైన్‌లో పెట్టగానే అయిపోతాయి. ఒక ఏడు నేను కొన్న చోట, కంపెనీ పేరు ఎందుకులెండి, సీజన్‌కు 4 రోజుల ముందు అగ్నిభయం అని గేట్లన్నీ మూసేశారు. డబ్బు వాపసు లేదు. రూల్స్‌లో రాసే ఉంది, నేను చదవలేదు. ఆ ఏడు ఇంకో చోటు తెలియక రెండు రోజులు ఊరికే రోడ్లు తిరిగాను. అప్పట్నుంచి ఎప్పుడూ గిఫర్డ్ పింషో నేషనల్ ఫారెస్ట్‌లో ఒకటి, రాష్ట్ర డీఎన్ఆర్ (ప్రకృతి వనరుల శాఖ) భూమిలో ఒకటి ముందే చూసిపెట్టుకుంటాను. డీఎన్ఆర్ భూమికి బండి పాస్, డిస్కవర్ పాస్ అంటారు, మర్చిపోవద్దు. మీతో వస్తానన్న మిత్రుడికి మీ పర్మిట్ పనికొస్తుందనుకోకండి. ఇవి సాధారణంగా కుటుంబం వరకే. ఈ-బైక్‌ను కూడా కొందరు మోటారు బండి కిందే లెక్కేస్తారు, ముందే కనుక్కోండి. మామూలు సైకిల్ అయితే గొడవ లేదు. గేటు దాటి రెండు మైళ్ళు గ్రావెల్ మీద చప్పుడు లేకుండా పోవడానికి దాన్ని మించింది లేదు. నాది ఐకియా పక్కన గరాజ్ సేల్‌లో కొన్నది, గొలుసుకు నూనె ఒక్కటి బాగా పెడతాను.

ఎండలు ముదిరితే చెట్లు కొట్టేవాళ్ళు తెల్లవారుజామునే మొదలుపెట్టి మధ్యాహ్నానికి పని ఆపేస్తారు. హూట్ ఔల్ అంటారు ఆ టైమింగ్స్‌ని. అంటే రాత్రి మూడింటికే దుంగల లారీలు ఎదురొస్తాయి, జాగ్రత్త. కానీ పని ఆగాక ఆ పక్క మొత్తం నిశ్శబ్దం, వేటగాళ్ళు కూడా మిషన్లు నడిచే చోటని ఆ దరికి రారు. నా నాలుగింటిలో రెండు అలాంటి చోటే, సాయంత్రం అయిదు తర్వాత.

ఇప్పుడు మీ ఐదారు మైళ్ళు. రూజ్‌వెల్ట్ బుల్, అంటే మగ ఎల్క్, 320 నుంచి 450 కిలోల దాకా తూగుతుంది, ఒంగోలు గిత్తకు కాస్త తక్కువ. ఎముక తీసేసినా వంద కిలోల మాంసం అనుకోండి. మనిషికి 25 కిలోల చొప్పున నాలుగు మోతలు. 5 మైళ్ళ లోపల పడితే, నాలుగుసార్లు మోసుకొచ్చి మూడుసార్లు ఖాళీగా వెనక్కి వెళ్ళాలి, 35 మైళ్ళు. సెప్టెంబర్ ఎండలో, ఒక్కరే. తొడ ఎముక దగ్గర మాంసం ముందు పాడవుతుంది, మీరు రెండో మోత దించేలోపే. నేనైతే ఒంటరిగా ఉన్నప్పుడు బండికి మైలున్నర దాటి బాణం వేయను. అయినా కంపెనీ రోడ్లున్న చోట ఒక రోడ్డుకు అయిదు మైళ్ళు దూరం పోయేలోపు ఇంకో రోడ్డు తగులుతుంది, అక్కడ ఇంకో ట్రక్కు ఉంటుంది.

గాలి గురించి అందరూ చెప్తారు, అయినా నేను వదలను, ఎందుకంటే నా వేటలు చెడింది ఎక్కువసార్లు దీనివల్లే. పొద్దున చల్లగాలి వాలు వెంబడి కిందికి జారుతుంది. ఎండ తగిలి నేల వేడెక్కాక పైకి తిరుగుతుంది. సాయంత్రం నీడ పడగానే మళ్ళీ కిందికి. ఇంతవరకూ పుస్తకం. రెండో ఏడు, ఎల్క్ పొర్లాడే బురదగుంట ఒకటి దొరికింది, నీళ్ళింకా కలకబారి ఉన్నాయి, మూత్రం వాసన. తొమ్మిది కావస్తోంది కదా, గాలి పైకి తిరిగి ఉంటుందని గుంటకు ఎగువన కూర్చున్నాను. 35 గజాల్లోకి బుల్ వచ్చింది. కొమ్ముల మీద నాచు వేలాడుతోంది, తల పక్కకు వంచి నడుస్తోంది. ఇంకో మూడు అడుగులు వేస్తే ఫర్ కొమ్మ దాటుతుంది. అప్పుడు మెడ వెనక చల్లగా తగిలింది. అంతే, అది నన్ను చూడను కూడా లేదు, ఉన్నచోటు నుంచే వెనక్కి తిరిగి పోయింది. సముద్రపు మంచు ఆ రోజు పదిన్నర దాకా విడవలేదు, ఎండ నేలకు తగల్లేదు, గాలి ఇంకా కిందికే జారుతోంది. మన పడమటి వైపు ఇలాంటి పొద్దులు చాలా. గడియారం చూసి గాలిని ఊహించవద్దు. గాలి ఎటుందో చూపే పౌడర్ సీసా ఒకటి జేబులో పెట్టుకుని పది నిమిషాలకోసారి నొక్కి చూడండి. రెండు వాగులు కలిసే గుంటల్లో గాలి సుడి తిరుగుతుంది, అక్కడ ఎంత గుర్తులున్నా నేను కూర్చోను.

కూతల సంగతి. సీజన్ మొదలై మూడు రోజులయ్యేసరికి అక్కడి ప్రతి బుల్ రోడ్డు మీంచి వచ్చే బ్యూగుల్స్ బోలెడు విని ఉంటుంది. రాత్రి మాత్రం కూస్తుంది. అందుకే నేను రెండింటికి, మూడింటికి లేచి గేటు దగ్గర అద్దం దించుకుని ఊరికే వింటాను, నేను ఒక్క కూత కూడా వేయను. ఎటు కూసిందో తెలిస్తే తెల్లారేలోపు గాలికి ఎదురుగా వంద గజాల్లోకి చేరడం నా పని. అక్కడికి చేరాక కూడా బ్యూగుల్ వాడను. మెత్తగా ఒక ఆడ కూత, కాలితో ఒక పుల్ల విరవడం, పదిహేను నిమిషాలు మౌనం. బుల్ ఆ ఆడ కూత వినపడిన చోటికి వచ్చి చూస్తుంది, అక్కడ ఆడది కనపడకపోతే అరవై గజాల్లో ఆగిపోతుంది. ఇద్దరుంటే కూసేవాడు వెనక 50 గజాల్లో ఉండాలి, విల్లువాడు ముందు. ఒంటరివాళ్ళు కూసి, వెంటనే 40 గజాలు ముందుకు, కాస్త గాలివాలు పక్కకు జరగాలి, ఎందుకంటే అది వాసన పట్టడానికి ఆ పక్కకే చుట్టు తిరుగుతుంది. ఒకసారి నా ఆడ కూతకు వచ్చింది కూగర్, అదే కొండ సింహం. ఇరవై గజాల్లో కూర్చుని నన్ను చూస్తోంది. లేచి నిలబడి తెలుగులో తిట్టాను, వెళ్ళిపోయింది. వీపు చెట్టుకు ఆనించి కూర్చోండి, దానికోసమైనా.

అవతల ఇంకొకరు బుల్‌తో మాట్లాడుతుంటే మధ్యలో దూరకండి. నాకు కోపం తెప్పించేది అదొక్కటే. పక్కకు తప్పుకుని, ఆ గొడవకు మంద ఎటు జారుతుందో ఆలోచించి అక్కడికి పోండి. అది ఎత్తుగడే, దొంగతనం కాదు.

మీకు సెలవులు ఎన్నున్నాయో నాకు తెలియదు కానీ మొదటి వారాంతానికి ఒక్కటి కూడా ఖర్చుపెట్టకండి. ఊరంతా ఆ రోజే వస్తుంది. చివరి వారంలో మంగళ, బుధ, గురు పెట్టండి. జనం అలసిపోయి ఉంటారు, బుల్స్‌కు అప్పుడే జోరు పెరుగుతుంది. ఇంకోటి, పది నుంచి మూడు దాకా అడవిలోనే ఉండండి. అందరూ ట్రక్కు దగ్గరికి భోజనానికి పోతారు. బురదగుంట దగ్గర నేను బుల్‌ను చూసింది ఎక్కువగా మిట్టమధ్యాహ్నమే. పెరుగన్నం డబ్బా, నీళ్ళు, ఒక కునుకు. నాకు ఇది టీమ్ మీటింగ్ కంటే నయం.

మిత్రుడు హెచ్1బీ మీద ఉన్నాడు, పర్వాలేదా అన్నారు. ఫెడరల్ చట్టంలో విల్లు ఫైర్ఆర్మ్ కిందికి రాదు, కాబట్టి తాత్కాలిక వీసా మీదున్నవాళ్ళకు తుపాకీ విషయంలో ఉండే చిక్కు దీనికి లేదు. కానీ 1972 జనవరి 1 తర్వాత పుట్టినవాళ్ళెవరైనా వాషింగ్టన్‌లో లైసెన్స్ కొనాలంటే హంటర్ ఎడ్యుకేషన్ పాసై ఉండాలి. పైగా ఎల్క్ ట్యాగ్ (ఎల్క్‌ను కొట్టే అనుమతి చీటీ) కొనేటప్పుడు రాష్ట్రానికి తూర్పా పడమరా, విల్లా తుపాకీయా అన్నది అప్పుడే తేల్చుకోవాలి, తర్వాత రెండూ తిరుగుతానంటే కుదరదు.

బాణం వేయడం గురించి కొంచెమే చెప్తాను, ప్రాక్టీస్ మీ చేతిలో ఉంది. చట్టం అడిగేది 40 పౌండ్ల డ్రా, అంటే విల్లు లాగే బలం, అది కనీసం మాత్రమే. రీప్రాడ్‌లో నా హద్దు 30 గజాలు. అడ్డంగా నిలబడినా, కాస్త అవతలికి తిరిగి ఉన్నా వేస్తాను. నాకెదురుగా ఉంటే వేయను. మధ్యలో వేలంత కొమ్మ ఉన్నా వేయను, ఒకసారి వేసి బాణం పోగొట్టుకున్నాను. ఊపిరితిత్తులకు తగిలిందని నమ్మకముంటే అరగంట ఆగండి, పొట్టకు తగిలిందనుకుంటే చాలా గంటలు ఆగాలి. వాన వస్తుంటే రక్తపు జాడ కడుక్కుపోతుంది, అందుకే గట్టి వాన ముసురులో నేను అసలు విల్లు ఎత్తను. తగిలిన ఎల్క్ కంపెనీ హద్దు దాటి పక్కవాళ్ళ భూమిలోకి పోతే, ముందు ఫోన్ చేసి అనుమతి అడగండి.

పడ్డాక తోలు తీసి, పొట్ట తెరవకుండానే నాలుగు కాళ్ళు, వెన్ను మాంసం, మెడ వేరుచేసి బట్ట సంచుల్లో నీడలో వేలాడదీయండి. మగదో ఆడదో తెలిసే గుర్తు మాంసానికి అంటి ఉండాలి, అది చట్టం. నైరుతి వాషింగ్టన్ మందల్లో గిట్టల జబ్బు ఉంది, కుంటేవి మీకూ కనపడతాయి. అందుకే అక్కడ గిట్టలు మామూలుగా పడ్డ చోటే వదిలేయాలి, ఇంటికి తేకూడదు.

ఇంటికి తెచ్చాక ఇంకో మాట. కొవ్వు అసలుండదు, మేక మాంసంలా చేస్తే చెప్పు తోలవుతుంది. వెన్ను ముక్కను కుక్కర్‌లో పెట్టకండి, పెనం మీద వెన్నతో రెండు పక్కలా కాల్చి తీసేయండి. పిక్క మాంసానికి మాత్రం ఎనిమిది విజిల్స్, గోంగూర చివర్లో.